గుమ్మం దాటాక చీకటే అయితే

నరసన్నపేటలో ఇన్వర్టర్ లేని మధ్యతరగతి ఇల్లు ఈరోజుల్లో వెతికితే గానీ దొరకదు. కరెంటు పోయినా హాల్లో ఫ్యాను తిరుగుతుంది, టీవీ నడుస్తుంది, పిల్లలు పుస్తకం మూయరు. అదే ఇంటి తలుపు తీసి బయటికి వచ్చి చూడండి. నాలుగంతస్తుల మేడ, ఇరవై కుటుంబాలు, ఇరవై ఇన్వర్టర్లు. మెట్ల మీద మాత్రం చేతిలో సెల్‌ఫోన్ లైటు ఉంటేనే అడుగు పడుతుంది. గుమ్మం లోపలి వెలుగు కోసం ఒక్కో ఇల్లూ ఇరవై, పాతిక వేలు పెట్టింది. గుమ్మం బయట అందరూ నడిచే దారికి మాత్రం ఇరవై ఇళ్లూ కలిసి ఆ పాతిక వేలు పెట్టలేదు.

ఈ అధ్యాయం ఆ మెట్ల గురించి. వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో బ్యాటరీల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. బాధ్యత తీసుకోండి అని ఎవరైనా చెబుతారు. ఏ బాధ్యత, ఎక్కడ మొదలుపెట్టాలి, మొదటి నెలలో ఏం చేయాలి అన్నది ఎవరూ చెప్పరు. మనిషి తన తలుపు బయటి పనిని తన పనిగా ఎత్తుకోవడం నేర్చుకోవాలంటే మెట్ల దీపం కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. ఖర్చు తక్కువ, ఫలితం కళ్లకు కనిపిస్తుంది, ఒక్కరు పట్టుదలగా ఉంటే చాలు.

మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది మరీ అవసరం. క్యాలెండరు తీసి చూడండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు మన జిల్లాకూ దెబ్బ తగిలింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబరు 11న ఇంకా తెల్లారకముందే, నాలుగున్నర ఐదున్నర మధ్య, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ వేల సంఖ్యలో నేలకొరిగాయి. చాలా ఊళ్లు వారం, పది రోజులు కరెంటు ముఖం చూడలేదు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ మన కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం తాకింది. గాలి ముదిరేటప్పుడు తెగిన తీగలు తగిలి ప్రాణాలు పోకూడదని విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లే సరఫరా ఆపేస్తారు. అది సరైన పని. అంటే తుపాను రాత్రి మన మేడ చీకటిగా ఉంటుందని మనకు నెలల ముందే తెలుసు.

తుపాను చీకటి రోజుల తరబడి సాగుతుంది. అగ్గి రేగినప్పటి చీకటి నిమిషాల్లో తేలిపోతుంది. నాకు భయం వేసేది ఈ రెండూ కలిసే రాత్రిని తలచుకున్నప్పుడు. కరెంటు లేని మూడో రోజు. ఇళ్లలో ఇన్వర్టర్లన్నీ ఖాళీ. ప్రతి గదిలో కొవ్వొత్తి. అప్పుడు ఒక తెర అంటుకుంటే ఇరవై కుటుంబాలూ ఒకేసారి ఒకే మెట్ల మీదికి వస్తాయి.

1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. కింద పార్కింగ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంట పుట్టింది. పొగ బాల్కనీ దాకా ఎక్కింది. కరెంటు పోయింది, అత్యవసర దీపాలు లేవు, నడవలో అదనంగా వేసిన సీట్లు అడ్డం. 59 మంది చనిపోయారు. మన దగ్గరికి వస్తే, 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడుస్తున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో 10 మంది, 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో స్కూటర్ల షోరూం పైనున్న రూబీ లాడ్జిలో 8 మంది, 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. ఆ ఆరుగురూ ఉద్యోగాల కోసం నగరానికి వచ్చిన పిల్లలు. ఇలాంటి చోట్ల మంట కంటే ముందు పొగ చంపుతుంది. ఊపిరి ఆడే ఆ కొద్ది నిమిషాల్లో దారి కనిపించిందా లేదా అన్నదే ప్రాణాన్ని తేల్చేస్తుంది.

ముట్టుకోకూడని బ్యాటరీ

పెద్ద భవనాల్లో దీనికి చాలాకాలంగా ఉన్న పద్ధతి ఏమిటంటే, మెట్లు, వరండాలు, బయటికి వెళ్లే ద్వారాలు, వీటి దీపాలన్నిటికీ ఒకేచోట ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్ పెట్టి అక్కడి నుంచి వేరే తీగ లాగుతారు. సెంట్రల్ బ్యాటరీ సిస్టం అంటారు. ఊరి కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ చార్జవుతూ ఉంటుంది. కరెంటు పోయిన కొద్ది క్షణాల్లోనే ఆ దీపాలు వాటంతటవే వెలుగుతాయి. ఎవరూ పరిగెత్తి స్విచ్ వేయనక్కర్లేదు.

రెండో పద్ధతి, ప్రతి దీపంలోనే ఒక చిన్న బ్యాటరీ ఉండటం. కొనడం తేలిక, తీగ పని తక్కువ, ఒకటి పాడైతే ఒకటే పాడవుతుంది. కానీ ముప్పై దీపాలుంటే ముప్పై బ్యాటరీలు చూసుకోవాలి. మన వేడికి ఆ చిన్న బ్యాటరీలు కొన్నేళ్లకే చచ్చిపోతాయి, పైకి మాత్రం దీపం బాగున్నట్టే కనిపిస్తుంది. ఎనిమిది ఇళ్లలోపు చిన్న మేడకు ఈ రెండో పద్ధతి చాలు. అంతకు మించితే, నర్సింగ్‌హోం అయినా, కల్యాణ మండపం అయినా, మూడంతస్తుల బట్టల షోరూం అయినా, నేను మొదటిదే ఎంచుకోమంటాను. ఒక్కచోట చూసుకునేది చూసుకోగలం. ముప్పై చోట్ల చూసుకోవాల్సింది చివరికి ఎవరూ చూడరు.

ఇక అసలు మాట. ఆ బ్యాటరీ మీద దారి దీపాలు తప్ప ఇంకేదీ ఉండకూడదు. వాచ్‌మన్ ఫ్యాను వద్దు. సీసీ కెమెరా వద్దు. సెక్రటరీ గారి వైఫై వద్దు. ఇక్కడే చాలా మేడలు తప్పు దారి పడతాయి. బ్యాటరీ కొన్న ఏడాది లోపు ఎవరో ఒకరు ‘ఊరికే పడుంది కదా’ అని ఒక తీగ కలుపుతారు. పాత మేడల్లో మెట్ల లైను విప్పి చూసిన ఎలక్ట్రీషియన్ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: “మోటారు కూడా ఈ లైన్ మీదే ఉన్నాది బాబూ, ఎవులు కలిపీసినారో తెల్దు.” ఆపదకని దాచిన కరెంటు రోజువారీ సుఖానికి ఖర్చయిపోతే, ఆపద రాత్రి ఆ బ్యాటరీ ఉన్నా లేనట్టే. డబ్బు విషయంలో కష్టకాలానికి దాచిన సొమ్మును పండగ ఖర్చుకు తీయని ఇల్లాలు ఎంత గట్టిగా ఉంటుందో, ఈ బ్యాటరీ దగ్గర మీరు అంత గట్టిగా ఉండాలి.

ఇది ఎంత పెద్ద ఖర్చో లెక్క చూద్దాం. స్టిల్ట్ మీద నాలుగంతస్తులు, ఒకే మెట్ల వరస ఉన్న మేడకు మెట్ల మలుపుల్లో, వరండాల్లో, పార్కింగ్‌లో, గేటు దగ్గర కలిపి ముప్పై దీపాలు అనుకోండి. ఒక్కోటి 5 వాట్ల ఎల్ఈడీ. మొత్తం 150 వాట్లు. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి ఎంత చిన్న భవనంలోనైనా ఈ దీపాలు కనీసం గంటన్నర వెలగాలంటుంది. గంటన్నరకు 225 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీ ముసలిదైతే తగ్గేది కలుపుకున్నా 350 దాటదు. మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు పడతాయి. సగమే వాడుకున్నా ఈ ముప్పై దీపాలు నాలుగు గంటలకు పైగా వెలుగుతాయి. ట్యూబులైట్ల కాలంలో ఇదే పనికి ఒక గది నిండా బ్యాటరీలు కావలసి వచ్చేవి. ఎల్ఈడీ వచ్చాక ఆ సాకు పోయింది. బ్యాటరీ, ఇన్వర్టర్ కలిపి సుమారు పాతిక వేలు. మంచి తీగకూ, దీపాలకూ, కూలికీ వేరే అవుతుంది. ఇరవై ఇళ్లు పంచుకుంటే ఒక ఇంటి పండగ బట్టల ఖర్చు కూడా రాదు.

గంటన్నర పోను మిగిలిన కరెంటు చూసి మళ్లీ ఎవరో ఫ్యాను కలుపుదామంటారు. ఒప్పుకోకండి. తుపాను రోజుల్లో గంటన్నర ఎటూ చాలదు. అప్పుడు రాత్రి చీకటి పడ్డాక రెండు గంటలు వేసి, అందరూ పడుకున్నాక ఆపి, ఆఖరి గంటన్నర మాత్రం ఎవరూ తాకకుండా ఉంచాలి. పెద్ద భవనాల ఇన్వర్టర్లలో ఈ హద్దు ముందే పెట్టుకునే వీలుంటుంది. చిన్నవాటిలో మనిషే ఆ హద్దు.

జనరేటర్ ఉంది కదా అనేవాళ్లకు ఒక మాట. జనరేటర్ దానంతటది స్టార్టయ్యే రకమైనా కొన్ని సెకన్లు పడుతుంది. చేత్తో తిప్పేదైతే ఆ కుర్రాడు ఎక్కడున్నాడో వెతకాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో పెట్రోలు బంకుల ముందు జనం ఎలా బారులు తీరారో చూసినవాళ్లు డీజిల్ మీద పూర్తిగా భరోసా పెట్టరు. పైగా అగ్గి రేగినప్పుడు ముందు చేసే పని మెయిన్ ఆపడం, దాంతో పాటే జనరేటరూ ఆపుతారు. దారి దీపాలు అసలు కావలసింది ఆ క్షణంలోనే. అందుకే ఈ బ్యాటరీ బోర్డు వేరుగా ఉండాలి, దాని మీద ఎర్రని పెద్ద అక్షరాలతో ‘దారి దీపాలు: ఆపవద్దు’ అని తెలుగులో రాసి ఉండాలి.

ఎలక్ట్రీషియన్‌ను అడగాల్సినవి

బ్యాటరీ ఎక్కడ పెడుతున్నారు అన్నది మొదటి ప్రశ్న. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మీటర్ల బోర్డు కింద, స్కూటర్లు చార్జింగ్ పెట్టే చోట వద్దు. ఉపహార్‌లో, రూబీలో పొగ పైకి ఎక్కింది కింది అంతస్తు నుంచే. మెట్ల కింద అసలే వద్దు. బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి. డాబా మీద రేకుల గదిలో పెడదామంటారు. బ్యాటరీకి 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, మే నెలలో ఆ రేకుల కింద ఎంతుంటుందో మీకు తెలుసు. వాన నీళ్లు నిలవని, నీడపట్టు గోడ వారగా, అడుగున్నర దిమ్మ మీద పెట్టడం మంచిది.

రెండో ప్రశ్న చాలామందికి తట్టదు, దీని మీదే నేను ఎక్కువ పట్టుబడతాను. ఊరి కరెంటు ఉంది, కానీ మూడో అంతస్తు వరండా లైను ఒక్కటే ట్రిప్పయింది. బ్యాటరీ ఉన్నది కింద. అక్కడ కరెంటు ఉంది కాబట్టి ఇన్వర్టర్‌కు అంతా బాగానే ఉన్నట్టు. మూడో అంతస్తు మాత్రం చీకటి, పొగ కూడా అక్కడే పుట్టి ఉండొచ్చు. ఒకేచోట నుంచి నడిచే వ్యవస్థకు ఉన్న పెద్ద లోపం ఇది. దీనికి మందు ఉంది: ప్రతి అంతస్తు లైటు లైను మీద ఒక చిన్న రిలే పెడితే ఆ లైను పోగానే కిందికి సంకేతం వెళ్లి దారి దీపాలు వెలుగుతాయి. అది కుదరకపోతే, కనీసం మెట్ల దీపాలను సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఈ బ్యాటరీ లైను మీదే ఎప్పుడూ వెలిగేలా పెట్టించుకోండి. రెండింటిలో ఏది చేస్తారో ఎలక్ట్రీషియన్‌తో కాగితం మీద రాయించుకోండి.

మూడోది తీగ. ఒక్క తీగ మీదే అన్ని దీపాలూ ఉంటే ఒక చోట కాలితే అన్నీ ఆరిపోతాయి. రెండు లైన్లు లాగి, ఒకటి విడిచి ఒకటి దీపాలను పంచాలి. అప్పుడు ఒక లైను పోయినా ప్రతి మలుపులో సగం వెలుగు మిగులుతుంది. మంటలో కూడా కొంతసేపు తట్టుకునే తీగ దొరుకుతుంది, ధర ఎక్కువ. మిగతా చోట ఆదా చేసి అయినా ఈ తీగ వేయించండి.

దీపం ఎక్కడ పెట్టాలి? పొగ పైకప్పుకు అంటుకుని కిందికి దిగుతుంది కాబట్టి సీలింగ్‌కు బిగించిన దీపం ముందు మాయమవుతుంది. గోడ మీద, తలకు తగలకుండా రెండు మీటర్ల ఎత్తున పెడితే ఎక్కువసేపు ఉపయోగం. దారి మధ్యలో నేల మీద 10 లక్సుల వెలుగు పడాలని స్మృతి అంటుంది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో మూడో వంతు కూడా మించదు, దానితో పోల్చుకోండి. బయటికి వెళ్లే ద్వారం మీద పరిగెత్తే మనిషి బొమ్మ ఉన్న ఆకుపచ్చ బోర్డు పెట్టండి. 1970ల చివర్లో జపాన్‌లో యుకియో ఓటా బృందం రూపొందించిన ఆ బొమ్మను ఇప్పుడు చాలా దేశాలు వాడుతున్నాయి. చదవడం రాని అవ్వకైనా, తెలుగు రాని ఒడియా కూలీకైనా అది దారి చూపుతుంది.

కల్యాణ మండపాలకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. డెకరేషన్ వాళ్లు సరిగ్గా ఆ ఆకుపచ్చ బోర్డు మీదే గుడ్డ కప్పి పూలు కడతారు, దగ్గరలో కనిపించిన ప్లగ్గులో సీరియల్ సెట్లు పెడతారు. మండపం బుక్ చేసే కాగితంలోనే ఈ రెండూ చేయకూడదని రాయించాలి. వచ్చిన వెయ్యి మందిలో ఆ హాలు దారులు తెలిసినవాళ్లు పది మంది కూడా ఉండరు. నర్సింగ్‌హోంలో ఆపరేషన్ థియేటరు, ఐసీయూ యంత్రాలకు వేరే యూపీఎస్ ఉంటుంది, ఉండాలి. దాన్నీ దీన్నీ కలపొద్దు.

చీకటి నడక

ఇవన్నీ పెట్టించే ముందు, ఈ వారంలోనే, ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. ఒక ఆదివారం రాత్రి ఏడున్నరకు, అందరికీ ముందుగా చెప్పి, లిఫ్టులో ఎవరూ లేరని చూసుకుని, మేడ కామన్ మెయిన్ ఆపేయండి. ఫోన్లు జేబులో పెట్టి పై అంతస్తు నుంచి కిందిదాకా దిగండి. మీతో ఒక ముసలాయన, ఒక చిన్న పిల్ల ఉండాలి. మీరు ఆగకుండా దిగే చోట ఆయన కాలు తడుముకుంటుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి, దీపం పడాల్సింది అక్కడే. రెండో అంతస్తు మలుపులో ఖాళీ గ్యాస్ బండ, దాని వెనక నిలబెట్టిన మంచం పట్టెలు, చెప్పుల స్టాండు, వంకర సైకిలు చేతికి తగులుతాయి. అన్నిటికంటే కిందికి వస్తే మడత గేటు. దానికి తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఈ ప్రశ్నకు ఆ చీకట్లో జవాబు రాకపోతే బ్యాటరీ కంటే ముందు ఆ తాళం సంగతి తేల్చండి.

అసోసియేషన్ మీటింగులో విషయం ఎత్తేటప్పుడు ‘మన మేడ ప్రమాదంలో ఉంది’ అని మొదలుపెడితే ఎవరూ వినరు. ఆ నడక నడిచినవాళ్ల చేతే చెప్పించండి. మోకాళ్ల నొప్పితో దిగిన పెద్దాయన “మలుపు దగ్గర రెండు మెట్లు కనపళ్లేదు బాబూ” అంటే ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లుండరు. మన ఊరి మేడల్లో చాలా భాగం అగ్నిమాపక శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాల్సిన ఎత్తుకు చేరవు. కాబట్టి ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడకండి. అడగాల్సింది మీరే.

పెట్టించాక నెలకోసారి కామన్ మెయిన్ ఆపి అన్ని దీపాలూ వెలిగాయా అని పై నుంచి కిందికి నడిచి చూడాలి. పది నిమిషాల పని. ఏడాదికోసారి గంటన్నర పూర్తిగా వెలిగించి చూడాలి. దానికి నా సలహా, వినాయక చవితి సందడి అయిపోయిన వారం. అందరూ ఊళ్లోనే ఉంటారు, చందాల లెక్క ఇంకా తేలి ఉండదు, తుపానుల నెల ముందుంది. ఆ పరీక్ష అయిన రాత్రి బ్యాటరీ ఖాళీగా ఉంటుంది కాబట్టి వాతావరణం బాగున్న రోజే చేయండి.

బ్యాటరీని చూడటం కూడా నేర్చుకోండి, ఇది మెకానిక్‌కే వదిలేయాల్సినంత పెద్ద విద్య కాదు. ట్యూబులర్ బ్యాటరీ మీద ఆరు గడులకు ఆరు ఫ్లోట్లు ఉంటాయి. ఎర్ర గీత దాకా దిగిపోయిన గడిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్లు పోస్తే బ్యాటరీని చేజేతులా చంపినట్టే. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. మన సముద్రపు గాలికి అది ఇంకా తొందరగా పడుతుంది. ముందు కనెక్షన్ తీయించి, చేతికి గ్లవ్స్ వేసుకుని, వేడినీళ్లతో పాత బ్రష్‌తో రుద్ది తుడిచి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. హైడ్రోమీటరు ముంచితే నిండా చార్జయిన గడి 1.24 దగ్గర చూపుతుంది. ఐదు గడులు అలా ఉండి ఒకటి మాత్రం 1.18 దగ్గరే ఆగిపోతే ఆ ఒక్క గడి మొత్తం బ్యాటరీని పడేస్తుంది. మార్చే సమయం వచ్చిందని అర్థం.

ఈ పనికి మేడలో ఒక పేరు ఉండాలి. కమిటీ పేరు చాలదు, మనిషి పేరు కావాలి. ఆ మనిషి ఊరెళితే చూసే రెండో పేరు కూడా. బ్యాటరీ పక్కన గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీయండి. కొన్న తేదీ, చూసిన తేదీ, వెలగని దీపం ఏ అంతస్తుది, ఎవరు మార్చారు, నీళ్లు ఎప్పుడు పోశారు, అంతే. సెక్రటరీ మారిన రోజు లెక్కల పుస్తకంతో పాటు ఈ పుస్తకం, మడత గేటు తాళం చెవి కూడా కొత్తవారి చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. మీటింగులో మాట నెగ్గకపోతే ఆగిపోకండి. అద్దెకున్నవారైనా సరే, ఓనరుకు చెప్పి, మీ అంతస్తు మలుపులో బ్యాటరీతో ఉన్న దీపం ఒకటి మీరే బిగించండి, కింది అంతస్తు వాళ్లను ఇంకోటి పెట్టమని అడగండి. మిగతా మేడ ఒప్పుకునేదాకా అది అలాగే వెలుగుతూ ఉండనివ్వండి.